ఘంటసాలవారి గీత ఎవరికొఱకు?

ఉంగుటూరు ప్రాంతపు పల్లెలలో తెల్లవారుజామున మైకునుండి ఘంటసాలవారి భగవద్గీత వినవచ్చెనా, పలుపు చేతబట్టి వీధిలోనికి వచ్చిన రైతు అడుగు మొదటి ప్రశ్న, ఎవరు పోయిరని. అది యే శ్లోకమో అతడు వినడు, తాత్పర్యము వినడు, ఏ దిక్కునుండి వచ్చుచున్నదో మాత్రము చూచును. మంచమున బడిన వృద్ధులున్న యిండ్లలో కిటికీలు మూయుదురు. ఒక మహాగాయకుని కడపటి కృషి మన గ్రామములలో చావుకబురుగా మాఱిపోయినది. ఇది ఆయనకు మనము చేయు మర్యాదయా, అపచారమా? ఈ విచారమునకై ఆయన జీవితమును ఒకమాఱు స్మరించుట యుక్తమని మాకు తోచినది.

ఈ ప్రాంతమున పెరిగినవారు ఘంటసాలవారిని మొదట వినినది సంగీతసభలో గాదు, గొట్టపు స్పీకరులో. ఉత్తరమున నూజివీటి మామిడితోటలు, దక్షిణమున గుడివాడవైపు వరిచేలు. శ్రీరామనవమి పందిరికిగాని, పెండ్లిపందిరికిగాని మైకుసెట్టు వచ్చినదనగా పిల్లలందఱు దాని వెంటబడెడివారు. మైకువాడు రావికొమ్మకు గొట్టమును కట్టి, ముల్లు మార్చి, రికార్డు వేసినంతనే ఊరి రూపే మాఱిపోవుచుండెడిది. రసాలు కోతకు వచ్చిన ఋతువున ఒక రాత్రి మేము తోటకాపలావారి పాకవద్ద పండుకొనియుంటిమి. ఊరిలో ఎవరియింటనో పెండ్లి. అచటినుండి కరుణశ్రీగారి పుష్పవిలాపము ఘంటసాలవారి గళమున వచ్చుచుండెను. గాలి తిరిగినపుడు సన్నగిల్లుచు, మరల నిండుచు వచ్చుచుండెను; కాని ఒక్క మాటయు జాఱిపోలేదు. అక్షరజ్ఞానము లేని కాపలావాడు పూవుల మొఱ విని కన్నులు తుడుచుకొనెను.

చాల యేండ్లకు పట్టణమున ఒక మిత్రునియింట, మనుష్యప్రమాణమున నిలిచిన రెండు స్పీకర్ల యెదుట కూర్చుండి, ఆ పద్యములనే మరల వింటిమి. ఆ దినము మేము విస్మయము నొందితిమి. మంద్రస్థాయిలోని గంభీరత, పాదాంతమున తీసికొనిన ఊపిరి, వెనుకనున్న వాద్యముల సన్నదనము, అన్నియు తెలిసినవి. గాయకుడు ఆ గదిలోనే కూర్చుండి పాడుచున్నట్లుండెను. అయినను అర్థము తోటలో వినినదానికంటె ఒక్క పిసరు ఎక్కువ కాలేదు. గొట్టములో చిన్న పలుచని పొర కంపించును. ఆ కంపమును గొట్టము క్రమముగా విప్పి గాలికి అప్పగించును. కొలది విద్యుత్తుతో ధ్వనిని బహుదూరము పంపుటకు అది మంచి సాధనము. కాని పొట్టిగొట్టమున మంద్రధ్వనులు నిలువవు; అక్షరములను స్పష్టపఱచు పై ధ్వనులే పొలిమేర దాటును. గొట్టము ఘంటసాలవారి గళమున సగము సొగసును హరించియు మాటను హరింపలేకపోయినది. ఆ మాట అంత గట్టిగా నిలుచుటకు కారణము ఆయన జీవితమున కలదు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు మృదంగ విద్వాంసులు. నారాయణతీర్థులవారి తరంగములను పాడెడివారు. బాలుడు తండ్రి భుజములపై ఊరేగుచు ఆ తరంగములను వినెను, వానికి నర్తించెను. తండ్రి చిన్ననాటనే గతించిరి. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనని వారి కడపటి కోరిక. మేనమామ పోషణలో నున్న బాలుడు చేతి ఉంగరము అమ్ముకొని విజయనగరమునకు చేరెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు శిష్యునిగా స్వీకరించి విద్యనిచ్చిరి. విద్యకు లోటు లేదుగాని అన్నమునకు కలదు. జోలె భుజమున వేసికొని మధుకరమెత్తి ఆయన మహారాజావారి సంగీతకళాశాలలో చదువు ముగించిరి. సంగీతము కలవారి సొత్తని యెవరైన తలంచినచో, ఆ జోలెను తలచుకొందురుగాక.

స్వగ్రామమునకు మరలివచ్చి ఉత్సవములలో, నాటకములలో పాడుచుండగా 1942వ సంవత్సరపు క్విట్ ఇండియా పోరాటము వచ్చెను. వేలకొలది యువకులతోబాటు ఆయనయు అందు దిగి, బళ్ళారియందలి ఆలీపురము కారాగారమున 18 నెలలు శిక్ష ననుభవించిరి. 1944లో వివాహమైనది. సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహమున చెన్నపట్టణము చేరిరి. ఆ తొలిదినములలో పానగల్లు పార్కే ఆయనకు ఆశ్రయమయ్యెను. ఆకాశవాణిలో పాడిరి, చిత్రములలో బృందగానమున గొంతు కలిపిరి. 1945లో ‘స్వర్గసీమ’ చిత్రమున నేపథ్యగానమునకు అవకాశము లభించినది. 1949లో స్వాతంత్ర్యోద్యమకథగల ‘మనదేశము’నకు సంగీతము కూర్చిరి. పిదప ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజారు’ (1957), ‘లవకుశ’ (1963) మొదలగునవి తెలుగువారి యింటింటి సొత్తులైనవి.

ఆయన చేసిన పెద్దపని పద్యమునకు సంబంధించినది. పూర్వపు నాటకరంగమున మైకు లేదు. వెనుకవరుస ప్రేక్షకునికి వినిపింపవలెనన్న నటుడు గొంతు చించుకొనవలసినదే. దీర్ఘమైన రాగాలాపన నడుమ పద్యార్థము పలుమాఱు కనుమఱుగగుచుండెను. సభవారు రాగమునకే వన్సుమోరు కొట్టుచుండిరి. 1915లో అమెరికాయందు జెన్సను, ప్రిధము అనువారు బహిరంగసభలో ధ్వనివర్ధకమును ప్రదర్శించిరి. 1930 తరువాతి దశకమున కాంగ్రెసు మహాసభలకు చికాగో రేడియో అను స్వదేశీ సంస్థవారు గొట్టములను కట్టుచుండిరి. యంత్రము వచ్చినపిదప గొంతు చించుకొను నవసరము పోయినది. దానిని అందఱికంటె బాగుగ గ్రహించినవారు ఘంటసాలవారు. రాగమును కుదించి, పదమును విడమర్చి, భావమున్నచోట నిలిచి పద్యమును పాడిరి. దూరము యంత్రమునకు విడిచిపెట్టి, అర్థమును తాము చేపట్టిరి. కావుననే మామిడితోటలోని కాపలావానికి పుష్పవిలాపము అందినది.

యంత్రము లేనపుడు ఆ గళమేమి చేసెనో గూడ చెప్పవలెను. 1952 డిసెంబరు 15వ తేదీ రాత్రి చెన్నపట్టణమున పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రమునకై ప్రాణము విడిచిరి. వారి అంతిమయాత్రలో ఘంటసాలవారు గళమెత్తి పాడిరి. అది మృతునికొఱకు పాడిన పాట కాదు. బ్రతికియున్న ఆంధ్రులకొఱకు పాడినది. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన అవతరించినది. శవము ముందు పాట యెందుకనగా, వెనుక నడచువానిని లేపుటకే యని ఆ దినము రుజువైనది.

1970లో పద్మశ్రీ వచ్చినది. మరుసటి సంవత్సరమున యూరపు, అమెరికాలలో కచేరీలు చేసిరి. అప్పటికే శరీరము క్షీణించుచుండెను. ఆ దశలోనే భగవద్గీతను పాడుటకు పూనుకొనిరి. శ్లోకమును సంస్కృతమున పాడి, వెంటనే తెలుగున తాత్పర్యము చెప్పిరి. గురువుగారి కుమారులైన పట్రాయని సంగీతరావుగారు ఆయనకు చేదోడువాదోడుగ నుండిరి. విజయనగరపు ఋణము ఈ విధముగ సార్థకమైనది. ఆ రికార్డులు వెలువడకమునుపే, 1974 ఫిబ్రవరి 11వ తేదీన, 51 సంవత్సరముల వయసున, ఘంటసాలవారు దివంగతులైరి. గాయకుని మరణము వెంబడి వచ్చిన గీత గనుక లోకము దానిని మరణముతో ముడిపెట్టెనేమో. ఆత్మకు నాశము లేదను మాట దుఃఖమున నున్నవారికి ఊఱట యగుటయు నిజమే. దానిని మేము కాదనము.

కాని గీతను భగవానుడు ఎవరికి చెప్పెను? ప్రాణముతో నున్నవానికి, విల్లు జాఱవిడిచి చేయవలసినపనికి వెనుదీసినవానికి. వినువాడు వినిన పిదప లేచి నిలిచెను. ఘంటసాలవారు తాత్పర్యమును తెలుగున చెప్పుటకు శ్రమపడినదియు సంస్కృతము రాని రైతుకు, కూలికి, గృహిణికి అది అందవలెననియే. వినలేని దేహము ప్రక్కన గొట్టము పెట్టి, వినవలసినవారు భయపడి కిటికీలు మూసికొనునట్లు చేయుట ఆయన శ్రమను వృథా చేయుట గాదా? మీటను చివరివఱకు త్రిప్పుటచే శ్లోకము బొంగురుపోయి, తాత్పర్యము అరుపై, మిగిలినది చావుగంట మాత్రమే.

మా విన్నపము చిన్నది. ఉంగుటూరు మొదలగు గ్రామములలోని పెద్దలు మైకువానికి రెండు మాటలు చెప్పవలెను. చావింట గీత వేసినచో అది ఆ పందిరిలోని వారికి వినబడిన చాలును. అంతకంటె ముఖ్యముగ, చావు లేని దినములలో గూడ దానిని వినిపింపుడు. గీతాజయంతినాడు, ఏరువాకనాడు, పాఠశాలలో పిల్లలయెదుట, మెల్లగా, మాట తెలియునట్లు. కొలదికాలము జనులు ఉలికిపడుదురు, ఎవరు పోయిరని అడుగుదురు. ఎవరును పోలేదని చెప్పుడు. ఏదో ఒక మామిడికోతల ఋతువున, తోటలోని కాపలావాడు తెల్లవారుజామున గీత విని, ఎవరు పోయిరని గాక, ఆయన ఏమి చెప్పుచున్నాడని చెవియొగ్గిననాడు ఘంటసాలవారి కడపటి కోరిక తీరినట్లు మేము భావింతుము.