జేమ్స్ నేస్మిత్

బొంగరము త్రిప్పని బాలుడు అరుదు. మంథని మొదలైన గోదావరీతీర గ్రామములందును, దూరదేశములందును పిల్లల కది ప్రియమైన ఆటవస్తువే. ఏటికొప్పాక లక్కబొమ్మల పనివారు కొయ్యను తరిమెన పట్టి బొంగరములు చేయుదురు. తరిమెనలో కొయ్య గిరగిర తిరుగుచుండగా పనివాడు దానికి ఉలిని తాకించి వలసిన రూపము తెచ్చును. ఇనుము, ఇత్తడి వంటి లోహములను కూడ ఈ విధముగనే చెక్కవచ్చును. అట్టి యంత్రమును నేడు లేతు అని పిలుచుచున్నారు. కాలితో త్రొక్కి నడపు చిన్న లేతు బాల్యమున చేతికి దొరకుటచే ఒక చిత్రకారుని కుమారుడు ప్రసిద్ధ యంత్రనిర్మాత ఆయెను. ఆతడే జేమ్స్ నేస్మిత్.

నేస్మిత్ 1808 ఆగష్టు 19వ తేదీన స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమందు జన్మించెను. ఆతని తండ్రి అలెగ్జాండరు పేరుమోసిన చిత్రకారుడు. ఆయనకు యంత్రవిద్య యందును మిక్కిలి మక్కువ. అందుచే ఇంటిలోనే ఒక పనిగదిని ఏర్పరచుకొని అందొక లేతును ఉంచెను. తీరిక వేళలందు జేమ్స్ ఆ గదిలోనే కాలము గడుపుచుండెను. బడిలో పాఠములను వల్లించుట ఆతనికి రుచింపలేదు. కాని ఆతడు లేతుపై చేసిన బొంగరముల కొరకును, చిన్న ఇత్తడి ఫిరంగుల కొరకును సహాధ్యాయులు ఎదురుచూచుచుండిరి. ఒక మిత్రుని తండ్రికి ఇనుప పోతపని కర్మాగారము కలదు. సెలవు దినములందు జేమ్స్ అచటికి పోయి, పనివారి చెంత నిలిచి, పోతపోయుట, కొలిమిపని మొదలగునవి కన్నులార చూచి నేర్చుకొనెను.

కొంత పెద్దవాడైన పిదప ఆతడు తన పడకగదినే కర్మశాలగా మార్చుకొనెను. రాత్రులందు అచటి పొయ్యిలో ఇత్తడిని కరగించి అచ్చులలో పోసెడివాడు. ఇంటివారి నిద్ర చెడకుండుటకై దాగలి క్రింద దళసరి తివాచీని ఉంచెడివాడు. ఇట్లు ఆతడు చిన్న చిన్న ఆవిరియంత్రముల నమూనాలను నిర్మించెను. అవి చూచుటకు మాత్రమే తగిన బొమ్మలు కావు. ఆవిరి పట్టినంతనే నిజముగా పనిచేయునవి. వానిని అమ్మగా వచ్చిన ధనముతో విశ్వవిద్యాలయ ఉపన్యాసములకు రుసుము చెల్లించుకొనెను. పందొమ్మిది, ఇరువది యేండ్ల ప్రాయముననే ఎనమండుగురు కూర్చుండి పయనింపదగిన ఆవిరిబండిని నిర్మించి ఎడింబరో బాటలపై నడపెను.

ఆ దినములలో లండను నగరమున హెన్రీ మాడ్స్‌లే అను యంత్రనిర్మాత ఉండెను. పూర్వము లోహమును చెక్కువారు ఉలిని చేతితోనే పట్టుకొనెడివారు. చేయి ఏ మాత్రము వణకినను పని చెడుచుండెను. మాడ్స్‌లే ఉలిని కదలెడు ఇనుప పీఠమునందు బిగించి, మరచుట్లను ఖచ్చితముగా కోయు లేతును 1800 ప్రాంతమున నిర్మించెను. ఆయన వద్ద పనిచేయవలెనని నేస్మిత్ కోరిక. అయితే రుసుము చెల్లించి శిష్యులుగా చేరిన ధనవంతుల బిడ్డలు సరిగా పనిచేయనందున మాడ్స్‌లే శిష్యులను చేర్చుకొనుట మానివేసెను. రుసుము చెల్లించుటకు నేస్మిత్ వద్ద ధనమును లేదు. తన చేతిపని ఒక్కటే ఆతనికి ఆధారము.

1829లో తండ్రి వెంట లండనుకు పోయి, తాను స్వయముగా పోతపోసి, చెక్కి, కూర్చిన ఆవిరియంత్రపు నమూనాను ఆతడు మాడ్స్‌లే ఎదుట ఉంచెను. ఆయన దానిని నిశితముగా పరిశీలించెను. ఇక సిఫారసుతో పనిలేకపోయెను. శిష్యునిగా గాక తన సొంత పనిగదిలో సహాయకునిగా ఆయన నేస్మిత్‌ను నియమించుకొనెను. జీతము వారమునకు పది షిల్లింగులు. తండ్రికి భారము కాగూడదని నేస్మిత్ చౌకలో ఒక వంటపాత్రను తానే రూపొందించి, దీపపు వేడితో భోజనము వండుకొని ఆ జీతముతోనే గడపుకొనెను.

అచట ఆతనికి ఒక పెద్ద ఓడయంత్రపు నమూనాలో పని లభించెను. దానికి ఆరు పలకల చిన్న నట్లు అనేకము కావలసి వచ్చెను. వానిని ఒక్కొక్కటిగా ఆకురాయితో అరగదీసినచో ఎంతో కాలము పట్టును; పలకలును సమముగా కుదురవు. నేస్మిత్ ఒక చిన్న ఉపాయము పన్నెను. నట్టును కదురునకు బిగించి, తిరుగుచున్న కోతచక్రమునకు దాని ఒక్కొక్క పలకను తాకించెను. ఒక పలక ముగియగనే కదురును వలయములో ఆరవవంతు త్రిప్పెను. ఆరు పలకలును సరిసమానముగా వచ్చెను. బొమ్మవంటి నమూనా కొరకు పుట్టిన ఈ సాధనమే తరువాత పెద్ద నట్లను చెక్కు యంత్రములకు దారి చూపెను.

1831లో మాడ్స్‌లే మరణించెను. నేస్మిత్ కొన్ని పోత భాగములను తీసికొని ఎడింబరోకు మరలి ఒక లేతును సిద్ధము చేసికొనెను. దాని సాయముతో ఇతర యంత్రములను నిర్మించెను. తరువాత 1834లో మాంచెస్టరులో ఒక మేడగదిని అద్దెకు తీసికొనెను. క్రింది గదిలో గాజుపనివారు ఉండిరి. ఒకనాడు ఒక బరువైన యంత్రభాగము నేలను చీల్చుకొని వారి గాజుసామగ్రిపై పడెను. ఇక మేడపై పని సాగదని గ్రహించి, ఆతడు 1836లో పాట్రిక్రాఫ్ట్ వద్ద కాలువ ప్రక్కన విశాలమైన కర్మాగారమును స్థాపించెను.

1839లో గ్రేట్ బ్రిటన్ అను ఓడకు మిక్కిలి లావైన ఇరుసు కావలసి వచ్చెను. అంతటి ఇనుమును సాగగొట్టగల సమ్మెట ఆనాడు ఎచ్చటను లేదు. నేస్మిత్ ఆవిరిబలముతో పైకి లేచి క్రిందపడు సమ్మెటను తన చిత్తు పుస్తకములో గీచెను. కాని ఆ ఓడ చోదన విధానము మారినందున ఆ ఇరుసు అక్కరలేకపోయెను. ఆ చిత్రము పుస్తకమునందే నిలిచిపోయెను. ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన యంత్రకారులు ఆతడు లేని సమయమున దానిని చూచి, స్వదేశమున సమ్మెటను నిర్మించిరి. 1842లో అచటికి పోయిన నేస్మిత్ తన ఊహకు రూపము కలిగియుండుట చూచి విస్మితుడయ్యెను. కోపగించుచు కాలము వృథాచేయక, వెంటనే మరలివచ్చి ఆ సంవత్సరమే పేటెంటు హక్కు పొందెను. గాజుపాత్రలోని కోడిగ్రుడ్డు పెంకును మాత్రము పగులగొట్టి పాత్రకు హాని కలిగింపని ఆ సమ్మెటయే మరుక్షణమున కర్మాగారమెల్ల కంపించునట్లు కొట్టగలిగెను.

1856లో, నలువదియెనిమిదవ యేట, నేస్మిత్ వ్యాపారమును విరమించెను. కాని చేతులకు విరామ మీయలేదు. దూరదర్శినిలో చంద్రుని చూచుచు, అచటి కొండలకును గుంటలకును సున్నపు నమూనాలు చేసి, వాని ఛాయాచిత్రములతో 1874లో జేమ్స్ కార్పెంటరుతో కలిసి ఒక గ్రంథమును ప్రకటించెను. 1890 మే 7వ తేదీన ఆతడు లండనులో మరణించెను. చంద్రునిపై ఒక గుంట ఆతని పేరుతో నేటికిని పిలువబడుచున్నది.

బాల్యమున బొంగరమును తప్పు లేకుండ చెక్కిన శ్రద్ధయే నేస్మిత్‌ను జీవితమంతయు నడపెను. చిన్న పనిని సరిగా చేయ నేర్చిన చేతికి పెద్ద పని వెరపు కలిగింపదు.