దిగే ముందు గాలిని అడిగిన మనిషి

మాది గోదావరిఖని. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాత బావి పూడిక తీయడానికి దిగిన ఒకాయన పైకి రాలేదు. ఆయన్ని తీద్దామని తమ్ముడు గబగబా దిగాడు. అతనూ రాలేదు. ఫైరింజన్ వచ్చింది. వచ్చినవాళ్లు వెంటనే దూకకుండా మాస్కులు పెట్టుకుని, వీపున సిలిండర్లు, నడుముకు తాళ్లు కట్టుకుంటుంటే జనం తిట్టారు. నాకూ మస్తు కోపమొచ్చింది.

సింగరేణి రెస్క్యూ టీంలో చేసే మా చిన్నబాపు మాత్రం, వాళ్లు చేసిందే కరెక్ట్ అన్నాడు. అప్పుడే జాన్ స్కాట్ హాల్డేన్ పేరు మొదటిసారి విన్నాను.

హాల్డేన్ 1860లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. డాక్టరీ చదివాడు కానీ జీవితమంతా మనిషి పీల్చే గాలి వెంటే తిరిగాడు. 1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 57 మంది చనిపోయారు. శవాలను పరీక్షిస్తే తేలిందేమిటంటే, ఎక్కువమందిని చంపింది పేలుడు కాదు, దాని తర్వాత మిగిలిన కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. కాపాడటానికి పోయినవాళ్లనూ వదలదు.

ఆ గ్యాస్ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఆయన ఎవరినో కూర్చోబెట్టలేదు. తనే పీల్చి, తన రక్తాన్నే పరీక్షించుకుంటూ, ఒళ్లు తూలేదాకా లక్షణాలు రాసుకున్నాడు. దీపం ఆరితే ఆక్సిజన్ తగ్గిందని తెలుస్తుంది. కానీ ప్రాణం తీసేంత కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. అందుకే చిన్న ప్రాణులను తీసుకెళ్లమన్నాడు. అవి వేగంగా ఊపిరి తీస్తాయి కాబట్టి మనకంటే ముందే సోలిపోతాయి. అలా వచ్చిన కానరీ పిట్టలు బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఉన్నాయి.

కొడుకునూ వదల్లేదు. ఒకసారి గనిలో పిల్లాణ్ని నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కాసేపటికే వాడు రొప్పుతూ కూలబడ్డాడు. కింద పడ్డాక ఊపిరి ఆడింది. మీథేన్ తేలిక, కప్పు దగ్గరే చేరుతుందని ఆ పిల్లాడికి జన్మలో మరవని పాఠం. ఆ కొడుకే జె.బి.ఎస్. హాల్డేన్. పెద్ద శాస్త్రవేత్తయి, మన దేశ పౌరసత్వం తీసుకుని 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

1908లో సముద్రంలో దిగే డైవర్లు ఎంత ఆగి ఆగి పైకి రావాలో తండ్రి పట్టికలు ప్రచురించాడు. 1915లో యుద్ధంలో విషవాయువు వదిలితే అక్కడికీ వెళ్లాడు. 1936లో చనిపోయాడు.

మన బావుల్లో కథ మీథేన్‌కు రివర్స్. బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. తమ్ముడికి ధైర్యం తక్కువై చనిపోలేదు. గాలి సంగతి తెలియక చనిపోయాడు.

ఇప్పుడు చిన్నబాపు డ్యూటీకి పోతుంటే నేను అడిగేది ఒక్కటే, సెట్ చెక్ చేసుకున్నవా అని. మీ ఊళ్లోనూ ఎవరైనా బావిలో పడిపోతే ముందు 101కు ఫోన్ కొట్టండి. దిగబోయే రెండో మనిషిని గట్టిగా పట్టుకోండి.