పిల్లల్ని వదలని డాక్టరు

ఈసారి పోలండ్ రచయిత యానుష్ కోర్చాక్ గారి గురించి తెలుసుకుందాం. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. వార్సా నగరంలో యూదుల ఇంట్లో పుట్టారు. చదువుకునేటప్పుడే తండ్రి పోతే, ట్యూషన్లు చెప్పి ఇంటికి ఆసరా అయ్యారు. తర్వాత పిల్లల డాక్టరయ్యారు.

పేద యూదు పిల్లలు వేసవి శిబిరానికి వెళ్ళిన కథ 1910లో రాశారు. చిన్నప్పుడే రాజైన మాట్ కథ 1923లో వచ్చింది. పిచ్చికుక్క కాటుకి టీకా కనిపెట్టిన పాశ్చర్ జీవితాన్ని కూడా పిల్లల కోసం రాశారు.

1912 నుంచి యూదు అనాథల హాస్టల్ నడిపారు. అక్కడ పిల్లలదే కోర్టు. పెద్దసారు మీద కూడా కేసు పెట్టొచ్చు, పెట్టారు కూడా! 1926లో పిల్లలే రాసే వార్తాపత్రిక మొదలుపెట్టారు. మన గోడపత్రిక లాంటిదే, కాకపోతే అచ్చయ్యేది.

తర్వాత జర్మనీ నాజీలు పోలండ్‌ని ఆక్రమించారు. 1940లో వార్సా యూదుల్ని గోడకట్టిన పేటలో బంధించారు. తినడానికి సరిగ్గా ఉండేది కాదు. కోర్చాక్ గారే తిరిగి, అడిగి, పిల్లలకి తిండి తెచ్చేవారు.

1942 ఆగస్టులో నాజీలు సుమారు 200 మంది హాస్టల్ పిల్లల్ని ట్రెబ్లింకాకి, చంపడానికి తీసుకుపోయారు. తప్పించుకోమని స్నేహితులు బతిమాలినా ఆయన వినలేదు. పిల్లలతోనే నడిచారు, పిల్లలతోనే పోయారు. తోటి టీచరు స్టెఫానియా గారు కూడా అంతే.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందాన్ని మొదట ప్రతిపాదించింది ఆయన దేశమే.