గాజుగదిలో ఆరు దినాలు

పరుగెత్తినవానికి ఆయాసం రావటం పసిపిల్లలకు సైతం తెలిసిన సంగతే. ఆ ఆయాసవేళ రక్తంలోని హీమోగ్లోబిన్ అనే మాంసకృత్తు ఏమి చేస్తున్నదో తెలుసుకొనటానికి తన దేహాన్నే ప్రయోగశాలగా మార్చుకొన్న శాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బార్‌క్రాఫ్ట్.

ఆయన 1872 జూలై 26న ఐర్లండులోని న్యూరీ పట్టణంలో, క్వేకరు మతశాఖకు చెందిన కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, అక్కడనే శరీరధర్మశాస్త్ర పరిశోధనలో స్థిరపడ్డారు.

హీమోగ్లోబిన్ ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని, కండరాలవద్ద విడిచిపెడుతుంది. పట్టుకొనటం ఎంత ముఖ్యమో సమయానికి విడవటమూ అంతే ముఖ్యం. బొగ్గుపులుసు వాయువు హెచ్చినకొద్దీ ఈ పట్టు సడలుతుందని 1904లో డెన్మార్కు దేశీయుడు క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు కనుగొన్నారు. తీవ్రశ్రమవల్ల రక్తంలో చేరే ఆమ్లం కూడా ఆ పనే చేస్తుందని బార్‌క్రాఫ్ట్ బృందం చూపింది. శ్రమించే కండరం తన అవసరాన్ని తానే రక్తానికి తెలుపుకొంటున్నదన్నమాట!

అయితే ఆ రోజులలో మరొక వివాదం రగులుతూ ఉండేది. ప్రాణవాయువు కొరవడినప్పుడు ఊపిరితిత్తులు దానిని స్వశక్తితో రక్తంలోనికి నెట్టగలవని జాన్ స్కాట్ హాల్డేన్ వాదించారు. (ఆయన కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్ తరువాత మన దేశపౌరుడై 1964లో భువనేశ్వరంలో మరణించారు.) అట్టి శక్తి ఏదీ లేదనీ, వాయువు అధిక పీడనంనుండి అల్ప పీడనానికి తనంత తానే సాగుతుందనీ బార్‌క్రాఫ్ట్ పక్షం. వాదంతో తేలే విషయం కాదిది.

1920లో ఆయన ఒక గాజుగదిలో ప్రవేశించి ఆరు దినాలు అందులోనే నివసించారు. లోపలి గాలిలో ప్రాణవాయువును క్రమంగా తగ్గిస్తూ, దాదాపు 5,000 మీటర్ల ఎత్తుగల పర్వతంమీది స్థితికి తెచ్చారు. చివరకు మణికట్టువద్ద ధమనిని కోయించుకొని, విశ్రాంతిగా ఉన్నప్పుడూ, సైకిలు తొక్కే యంత్రంపై శ్రమించినప్పుడూ రక్తాన్ని తీయించారు. ఆ రక్తం నల్లగా ఉన్నది. ఊపిరితిత్తులలోని గాలిని మించి ప్రాణవాయుపీడనం అందులో ఎన్నడూ కనిపించలేదు. శ్రమవేళ అది మరింత కొరవడింది. నలభై ఏడేళ్ల వయస్సులో, ఇంటిలో భార్యాబిడ్డలు ఉండగా ఈ సాహసానికి పూనుకొనటం వివేకమా అని అడిగేవారు అడగవచ్చు. వివాదంలో ఆయన పక్షం మాత్రం దీనితో ఎంతో బలపడింది.

1921–22లో ఆయన పెరూ దేశంలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న సెర్రో డి పాస్కోకు పరిశోధకులతో వెళ్లారు. ఓడ ఉష్ణమండలం దాటుతున్నప్పుడు శరీరంలో తిరిగే రక్తం పరిమాణం పెరగటం గమనించారు. ఆ అదనపు రక్తం ఎక్కడనుండి వచ్చింది? ఈ ప్రశ్న ఆయనను ప్లీహంవైపు నడిపింది. కుక్క పరుగెత్తేటప్పుడు దాని ప్లీహం ముడుచుకొని, దాచి ఉంచిన ఎర్రకణాలను రక్తప్రవాహంలోనికి పంపుతుందని తేల్చారు. మనిషిలో ఈ నిల్వ అంత పెద్దది కాదు.

పెరూ యాత్రలోనే ఆయన పొరపాటు కూడా ఉన్నది. ఎత్తైన ప్రదేశాలలో నివసించేవారందరి శరీరశక్తీ, బుద్ధిశక్తీ సన్నగిల్లుతాయని ఆయన వ్రాశారు. గనులలో బరువులు మోసే అక్కడి శ్రామికులను కన్నులారా చూచిన తరువాత వ్రాసిన మాట ఇది! పెరూ వైద్యుడు కార్లోస్ మోంగే దీనిని తీవ్రంగా ఖండించి, ఆండీస్ ప్రజల దేహాలు ఆ గాలికి తగినట్లు అమరినవని నిరూపించటానికి పూనుకొన్నారు. శాస్త్రం మోంగే పక్షాన నిలిచింది.

1935లో సర్ బిరుదం లభించింది. చివరి దశలో గర్భస్థశిశువు తల్లి రక్తంనుండి ప్రాణవాయువును గ్రహించే తీరును గొర్రెలపై పరిశీలించి, 1946లో గ్రంథంగా ప్రకటించారు. 1947 మార్చి 21న కేంబ్రిడ్జిలో హఠాత్తుగా మరణించేవరకు ఆయన పరిశోధన సాగుతూనే ఉన్నది.