పాడునేలను పూదోట చేసిన పండితుడు: సర్ పాట్రిక్ గెడ్డీసుగారి జీవితము

ఏ పట్టణమున కేగినను రెండు విధములైన ఖాళీస్థలములు మనకు కానవచ్చును. నీడచెట్లతోను పూలమొక్కలతోను నిండి పిల్లల యాటలకు నెలవైనది మొదటిది. పగిలిన కుండలు, చినిగిన గుడ్డలు, కుళ్లిన కూరగాయలు చేరి ఈగలకును ఎలుకలకును నెలవైనది రెండవది. నేల రెండు చోట్లను ఒక్కటియే; దానిని తమదిగా నెంచి చూచుకొనువారు కలరా లేరా యనునదియే భేదము. ఈ సంగతిని తమ జీవితముచే లోకమునకు చూపినవారు స్కాట్లండు దేశీయులగు సర్ పాట్రిక్ గెడ్డీసుగారు. వారు మన దేశమునందును పెక్కేండ్లు పనిచేసినవారగుటచే వారి చరిత్రమును మా విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గెడ్డీసుగారు 1854వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన బాలటర్ అను ఊర జన్మించిరి. తండ్రి సైన్యములో ఉద్యోగి. పెర్తు పట్టణము చెంత కొండవాలున వారికి చిన్న యిల్లును తోటయు నుండెను. విత్తు నాటుట, కలుపు తీయుట, నీరు పెట్టుట మొదలగు పనులను బాలుడు తండ్రి ప్రక్కన నిలిచి నేర్చుకొనెను. కొండలపై తిరిగి మొక్కలను, రాళ్లను ఏరి తెచ్చి పరీక్షించుట అతనికి వేడుక. పెద్దవాడైన పిమ్మట లండను నగరమున హక్స్లీ పండితునియొద్ద జీవశాస్త్రము నభ్యసించెను.

1879లో పరిశోధనార్థము మెక్సికో దేశమునకు పోయినప్పుడు వారికి కండ్లజబ్బు వచ్చెను. కొన్ని వారములు చీకటిగదిలో కాలము గడుపవలసి వచ్చెను. చూపు తిరిగి వచ్చినను, సూక్ష్మదర్శినితో దీర్ఘకాలము పనిచేయుటకు కండ్లు సహకరింపవయ్యెను. శాస్త్రజ్ఞునకు ఇంతకంటె దెబ్బ వేరేమి కలదు? అయినను వారు నిరాశపడలేదు. ఒక్క మొక్కను గాజుపలకపై నుంచి చూచుటకు బదులు, ఆ మొక్కకును నేలకును, నీటికిని, చుట్టునున్న ప్రాణులకును గల సంబంధమును విచారింపసాగిరి. మొక్కకు నేల యెట్టిదో మనుష్యునకు ఊరు అట్టిదను తలంపు క్రమముగా వారిలో బలపడెను.

ఆ కాలమున ఎడింబరో నగరమున పాతపట్టణము మిక్కిలి హీనదశలో నుండెను. ధనవంతులు కొత్తపట్టణమునకు తరలిపోగా, ఎత్తైన పాత మేడలలో గదికొక కుటుంబముగా బీదలు క్రిక్కిరిసి యుండిరి. మేడల నడుమనున్న పెరళ్లు చెత్తకుప్పలైనవి. గెడ్డీసుగారు 1886లో అన్నా మార్టన్ అను విద్యావతిని వివాహమాడిరి. నవదంపతులు సుఖముగా కొత్తపట్టణమున కాపురముండవచ్చును. అట్లు చేయక, పాతపట్టణమున జేమ్స్ కోర్టు అను వాడలోని యొక మేడలో కాపురము పెట్టిరి. అచ్చట ఉపన్యాసము లిచ్చుటతో మొదలుపెట్టలేదు. చీపురును, సున్నపు కుంచెను చేతబట్టిరి. మెట్లు కడిగిరి, గోడలకు వెల్ల వేసిరి, కిటికీలయందు పూలమొక్కలు నుంచిరి. పొరుగువారు మొదట వింతగా చూచినను, పిమ్మట ఒక్కొక్కరుగా వచ్చి చేయి కలిపిరి.

1888లో వారు డండీ నగరమున వృక్షశాస్త్రాచార్యులుగా నియమింపబడి, 1919 వరకు ఆ పదవియందుండిరి. 1892లో ఎడింబరో కోట చెంతనున్న యొక పాత బురుజుమేడను తీసికొని విచిత్రమైన ప్రదర్శనశాలగా మార్చిరి. దాని పైయంతస్తున చీకటిగదిలో, అద్దముల సహాయమున నగరమంతయు ఒక తెల్లని బల్లపై కదలుచు కనబడును. క్రింది యంతస్తులయందు స్వనగరమును, స్వదేశమును, తుదకు సర్వప్రపంచమును గూర్చిన పటములుండెను. తన యూరిని కన్నులార చూడనేర్చినవాడే లోకమును చూడగలడని వారి యభిప్రాయము. ఉపాధ్యాయులమగు మాకు ఇది మిక్కిలి నచ్చిన పాఠము.

ఆ బురుజుమేడను కేంద్రముగా చేసికొని పనిచేసినవారు ఖాళీస్థలముల కొరకొక సంఘమును ఏర్పరచుకొనిరి. పాతపట్టణమున స్థలమే లేదని అందరును అనుకొనుచుండిరి. సంఘమువారు గొంది గొందికి పోయి చూచి, కొలిచి, పటము వ్రాసిరి. ఎవరికిని పట్టక పాడుపడియున్న తావులు డెబ్బదికి పైగా నుండెను. అన్నియు కలిసి సుమారు 10 ఎకరములు! స్థలములేదని యేడ్చినవారి గుమ్మముల యెదుటనే యింత నేల చెత్తక్రింద కప్పబడియుండెనన్న మాట.

అటుపిమ్మట ఒక్కొక్క స్థలమును బాగుచేయసాగిరి. ఈ పనికి గెడ్డీసుగారి కుమార్తె నోరా అను యువతి ముఖ్యురాలు. రాళ్లు రప్పలు ఎత్తించి, మట్టి పోయించి, బాటలు తీర్చి, తీగలు ప్రాకించి ఆమె చిన్న చిన్న తోటలను వేసెను. చుట్టుప్రక్కల నివసించువారును, బడిపిల్లలును ఆ పనిలో పాలుగొనిరి. ఇందలి మర్మము గమనింపదగినది. ఇతరులు వేసియిచ్చిన తోటలో పువ్వు త్రుంచుటకు పిల్లవాడు జంకడు. తాను నీరుపోసి పెంచిన మొక్కను మాత్రము ఇతరులెవ్వరిని త్రుంచనీయడు. గోడకంటెను కాపలావానికంటెను ఈ మమకారమే తోటకు గట్టి కంచె.

1914లో, మద్రాసు గవర్నరగు పెంట్లండు ప్రభువు ఆహ్వానముపై గెడ్డీసుగారు మన దేశమునకు వచ్చిరి. ఎన్నో యేండ్లు శ్రమపడి కూర్చిన నగరప్రదర్శన పటములన్నియు క్లాన్ గ్రాంటు అను ఓడలో వెనుక వచ్చుచుండెను. మద్రాసుపై గుండ్లు కురిపించి మన పెద్దల నోట సామెతగా నిలిచిన ఎమ్డెన్ అను జర్మనీ యుద్ధనౌకయే ఆ ఓడను ముంచివేసెను. పటమొక్కటియు మిగులలేదు. స్వదేశమునందలి మిత్రులు త్వరపడి మరల పటములు సేకరించి పంపగా, 1915 ఆరంభమున మద్రాసులో ప్రదర్శన జరిగెను.

పిమ్మట వారు మద్రాసు రాజధానిలోని పట్టణములను కాలినడకను తిరిగి చూచిరి. ఇరుకు వాడలను కూలద్రోసి వాని నడుమ వెడల్పాటి రోడ్లు వేయవలెనని ఆనాటి యింజనీర్లు తలపోయుచుండిరి. అట్లు చేసినచో ఇండ్లు పోగొట్టుకొన్న బీదలు వేరొక యిరుకు వాడలో చేరుదురుగాని బాగుపడరని గెడ్డీసుగారు వాదించిరి. మంచి వైద్యుడు చెడిన భాగమును మాత్రమే తీసివేసి శరీరమును కాపాడును. అట్లే పాడుపడిన కొంపలను కొన్నిటిని మాత్రము తొలగించి, ఆ తావులను చెట్లు గల చిన్న బయళ్లుగా చేసినచో, తక్కువ ఖర్చుతో వాడకంతకును గాలి వెలుతురు కలుగునని చూపిరి. దోమలకు భయపడి చెరువులను, కోనేళ్లను పూడ్చుటకంటె, వానిని శుభ్రపరచి చేపలను పెంచుట మేలనియు తెలిపిరి.

1917వ సంవత్సరము వారికి తీరని దుఃఖమును తెచ్చెను. ఏప్రిలులో పెద్దకుమారుడు అలస్టెయిరు ఫ్రాన్సు యుద్ధరంగమున మరణించెను. భార్య అప్పటికే ఇచ్చట జ్వరముతో మంచముపట్టి యుండెను. కుమారుని మరణవార్తను ఆమెకు తెలియనీయక, ఆ భారమును తామొక్కరే మోసిరి. జూనులో ఆమెయు కన్నుమూసెను. ఇంతటి యాపదలోను వారు పని విడువలేదు.

ఆ సంవత్సరమే ఇండోరు సంస్థానమున ప్లేగు భయము మెండుగా నుండెను. పటములు చేతబట్టి సందులలో తిరుగు ముసలి దొరను చూచి ప్రజలు భయపడిరి. గెడ్డీసుగారు దీపావళి పండుగనే సాధనముగా చేసికొనిరి. ఏ వీథులవారు తమ యిండ్లను, వాకిండ్లను ఎక్కువగా బాగుచేసికొందురో ఆ వీథులగుండనే ఊరేగింపు సాగునని చాటింపబడెను. వెంటనే ఊరంతయు శుభ్రపరచుటకు పూనుకొనెను. బండ్లకొలది చెత్త ఊరిబయటకు పోయెను. ఊరేగింపులో పారిశుద్ధ్య సేవకులు తెల్లని కొత్తబట్టలు, పూలదండలు ధరించి గౌరవముగా నడచిరి. మాలిన్యరాక్షసుని బొమ్మయు, పెద్ద ఎలుక బొమ్మయు తుదకు దహనము చేయబడెను. ఇంటింట నాటుటకు తులసిమొక్కలు పంచబడెను. ఆజ్ఞలకు లోబడని ఊరు పండుగకు లోబడెను!

1919లో వారు బొంబాయి విశ్వవిద్యాలయమున సామాజికశాస్త్రాచార్యులైరి. 1925లో టెల్ అవీవు నగరమునకు వ్రాసిన ప్రణాళికలో ఇండ్ల గుంపుల నడుమ చిన్న తోటలుండునట్లు ఏర్పాటుచేసిరి. కడపటి యేండ్లు ఫ్రాన్సు దేశమున మాంపెలియే నగరమున, తాము స్థాపించిన విద్యాలయమున గడపిరి. 1932లో సర్ బిరుదము నంది, ఆ యేటనే ఏప్రిలు 17వ తేదీన అచ్చటనే పరలోకగతులైరి.

వారు మన పట్టణములను గూర్చి వ్రాసిన నివేదికలలో అనేకములు అమలు జరుగక కాగితములుగానే మిగిలిపోయినవి. కాని ఎడింబరోలో వెస్ట్ పోర్టు, జాన్‌స్టన్ టెర్రస్ అను తావులలో వేసిన చిన్న తోటలు నూరేండ్లు దాటియు నేటికిని పచ్చగా నున్నవి. చుట్టునున్నవారు తరతరములుగా తమవని యెంచుటచేతనే గదా ఇవి నిలిచినవి!

ప్రియ విద్యార్థులారా, మీరు ప్రతిదినము బడికి వచ్చు త్రోవలో ఎవరికిని పట్టని జాగాలెన్ని కలవో ఎప్పుడైన లెక్కించితిరా? ఈ సెలవులలో ఒక కాగితముపై మీ వీథి పటము వ్రాసి, వానిని గుర్తింపుడు. అందొక్కదానిని మీ యింటివారితోను ఇరుగుపొరుగువారితోను కలిసి, ఆ స్థలము గలవారి యనుమతితో శుభ్రపరచి, ఒక వేపమొక్కను నాటుడు. తలిదండ్రులును ఈ పనిలో తోడ్పడుదురని మేము నమ్ముచున్నాము. బడి తెరచిన పిమ్మట ఆ పటములను మాకు చూపినచో సంతోషింతుము. వచ్చు వేసవివరకు ఆ మొక్కకు నీరు తప్పకుండ పోసినచో మరింత సంతోషింతుము.