కన్నార్పే నక్షత్రం

క్రిస్మస్ దినాల్లో ఒక రాత్రి, తొమ్మిది గంటల వేళ, మీ డాబా మీదికో పెరట్లోకో వెళ్ళి తలెత్తి చూడండి. ఇంచుమించు నడినెత్తిన కృత్తికలు చిన్న గుంపుగా కనిపిస్తాయి. అక్కడి నుంచి చెయ్యి చాచి ఉత్తర దిక్కుగా ఒక జానెడు కొలవండి. కాస్త పడమరకు ఒరిగి ఒక నక్షత్రం ఉంటుంది. దాని పేరు ఆల్గోల్. దయ్యం తల అని అర్థం వచ్చే ఆ పేరు అరబ్బులు పెట్టింది. వరుసగా కొన్నాళ్ళు చూస్తే, ఏదో ఒక రాత్రి అది నీరసించి కనిపిస్తుంది. ఉన్న వెలుగులో మూడో వంతే మిగులుతుంది. కొన్ని గంటలు గడిచాక మళ్ళీ మామూలుగా వెలుగుతుంది.

ఈ కన్నార్పుడుకు ఒక లెక్క ఉందని లోకానికి చూపినవాడు పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. పేరు జాన్ గుడ్రిక్. అతనికి చెవులు వినబడవు. ఈ వారం అతని కథ వినండి.

గుడ్రిక్ 1764లో హాలండు దేశంలోని గ్రోనింగెన్ పట్టణంలో పుట్టాడు. తాతగారు ఇంగ్లండులో బిరుదున్న జమీందారు, రాయబారి. పసితనంలోనే జబ్బు చేసి బిడ్డకు వినికిడి పోయింది. ఆ రోజుల్లో అలాంటి బిడ్డను ఇంటి వెనుక గదిలో ఉంచి అన్నం పెట్టడమే ఎక్కువమందికి తెలిసిన దయ. ఈ తల్లిదండ్రులు అలా చేయలేదు. ఎడింబరో నగరంలో థామస్ బ్రెయిడ్‌వుడ్ అనే ఉపాధ్యాయుడు వినికిడి లేని పిల్లల కోసం నడిపే బడికి పంపారు. తరువాత 1778లో, పద్నాలుగో ఏట, వారింగ్టన్‌లో వినగలిగే పిల్లలు చదివే విద్యాలయంలోనే చేర్చారు. అక్కడ లెక్కల్లో దిట్ట అనిపించుకున్నాడు.

నేను సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో అరిస్టాటిల్ మహాశయుణ్ణి ఎంతో గౌరవంతో నేర్పారు. ఆ గౌరవం నాకు ఇప్పటికీ ఉంది. అయితే ఆయన రెండు విషయాల్లో పొరబడ్డాడు. ఆకాశమండలంలో మార్పన్నది ఉండదన్నాడు. పుట్టుగుడ్డివారి కంటే పుట్టుచెవిటివారు తెలివిలో వెనుకబడతారని రాశాడు. మొదటి మాట గుడ్రిక్ పుట్టక మునుపే బీటలు వారింది. రెండోది మాత్రం లోకుల మనసుల్లో చాలాకాలం గట్టిగా పాతుకుని ఉంది. ఈ కుర్రవాడు ఆకాశాన్ని శ్రద్ధగా చూసి, ఆ రెండో మాటను కూడా తన బ్రతుకుతోనే తప్పని చూపాడు.

చదువు ముగించి 1781లో అతడు యార్క్ పట్టణంలోని ఇంటికి వచ్చాడు. అక్కడ ఎడ్వర్డ్ పిగట్ అనే స్నేహితుడు దొరికాడు. వయసులో పదకొండేళ్ళు పెద్ద. నక్షత్రాలను పరిశీలించడం తండ్రి దగ్గర నేర్చుకున్నవాడు. గుడ్రిక్‌ది ప్రొటెస్టెంటు కుటుంబం, పిగట్‌ది కతోలిక కుటుంబం. ఇంగ్లండులో కతోలికులు చట్టం ఒప్పగా బహిరంగంగా దివ్యబలిపూజ జరుపుకునే వీలు 1791 వరకు లేదు. ఒకడు వినికిడి లేక వెలి, మరొకడు విశ్వాసం వల్ల వెలి. ఇద్దరూ కాగితాల మీద రాసుకుంటూ ఆకాశాన్ని పంచుకున్నారు.

1782 నవంబరు 12 రాత్రి ఆల్గోల్ వెలుగు తగ్గడం గుడ్రిక్ చూశాడు. ఆ నక్షత్రం మారుతుందని వందేళ్ళ మునుపే ఇటలీలో మోంటనారి అనే పండితుడు గమనించాడు గాని, ఎప్పుడెప్పుడు మారుతుందో ఎవరూ లెక్క కట్టలేదు. గుడ్రిక్ రాత్రి వెంట రాత్రి చలిలో కిటికీ దగ్గర కూర్చుని చుట్టుపక్కల నక్షత్రాలతో పోల్చి రాసుకున్నాడు. 1783 మే నెలలో లండన్ రాయల్ సొసైటీకి ఫలితం తెలియజేశాడు. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి అని నేటి లెక్క. అతని మొదటి లెక్కకూ దీనికీ కొద్ది నిమిషాలే తేడా. కారణం కూడా ఊహించాడు. నక్షత్రం మీద మచ్చలుండి అవి తిరుగుతూ ఉండాలి, లేదా ఏదో పెద్ద చీకటి గోళం దాని చుట్టూ తిరుగుతూ మనకు అడ్డం రావాలి. అంటే అది ఒక రకమైన గ్రహణమన్నమాట. ఆ ఏడాదే రాయల్ సొసైటీ అతనికి తన గొప్ప బహుమానమైన కోప్లీ పతకం ఇచ్చింది.

ఇక్కడ ఒక సంగతి మీరు గుర్తుంచుకోవాలి. ఆ కాలపు కాగితాలు పరిశీలించిన చరిత్రకారులు, గ్రహణమనే ఊహ మొదట పిగట్‌కే తట్టి ఉంటుందని చెబుతారు. అయినా ఆ పెద్దవాడు పక్కకు తప్పుకుని, పేరు చిన్నవాడికి దక్కనిచ్చాడు.

ఊహ నిజమని తేలడానికి నూరేళ్ళు పట్టింది. జంట నక్షత్రాలున్నాయని అప్పటికే తెలుసు. మన పుదుచ్చేరిలోనే రిషో అనే జేసుసభ గురువు 1689లో దూరదర్శినితో చూసి, దక్షిణాకాశంలోని ఆల్ఫా సెంటారీ ఒకటి కాదు, రెండని కనుగొన్నాడు. ఆల్గోల్ జంట మాత్రం దూరదర్శినికి విడివిడిగా కనిపించనంత దగ్గరగా ఉంది. 1889లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఫోగెల్ అనే శాస్త్రవేత్త దాని కాంతిని రంగులుగా విడదీసి, ఆ నక్షత్రం ఒకమారు మనవైపు, ఒకమారు అవతలికి కదులుతోందని నిరూపించాడు. తోడు లేనిదే అలా ఊగదు.

అంతటితో అయిపోలేదు. ఆల్గోల్‌లోని ప్రకాశవంతమైన నక్షత్రం బరువు మన సూర్యుడికి మూడు రెట్లకు పైన. మసకగా ఉన్న తోడు బరువు సూర్యుడిలో మూడు వంతులైనా లేదు. ఈ జంటకు దూరంగా మూడో నక్షత్రం కూడా తిరుగుతోంది గాని మన కథకు ఈ రెండూ చాలు. ఎక్కువ బరువున్న నక్షత్రం తన ఇంధనాన్ని త్వరగా ఖర్చు చేసుకుని ముందుగా ముసలిదవుతుందన్నది ప్రకృతి నియమం. ఇక్కడ అంతా తలకిందులు. బరువైనది ఇంకా పడుచుదనంలో ఉంది, తేలికైనది ముసలితనంతో ఉబ్బి ఉంది. కలిసి పుట్టిన కవలల్లో ఇదెలా సాధ్యం?

1950లలో ఈ చిక్కుముడి విడిపోయింది. ఇప్పుడు తేలికగా ఉన్నదే ఒకప్పుడు పెద్దది. అందుకే ముందుగా దానికి వయసు మళ్ళింది. వయసు మళ్ళిన నక్షత్రం ఉబ్బుతుంది. ఈ రెంటి నడుమ దూరం సూర్యుడికీ బుధగ్రహానికీ మధ్య దూరంలో ఆరో వంతే. ఉబ్బిన నక్షత్రపు పై పొరలు పక్కదాని ఆకర్షణకు లోబడి దాని మీదికి ప్రవహించాయి. అలా పెద్దది తన బరువులో చాలా భాగం చిన్నదానికి పోసి చిక్కిపోయింది. చిన్నది ఆ సొమ్ముతో పెరిగి పెద్దదై వెలుగుతోంది. మనకు కనిపించే వెలుగులో చాలా మటుకు మసకబారిన తోబుట్టువు ఇచ్చినదే.

1784లో గుడ్రిక్ మరొక నక్షత్రపు మార్పు కనిపెట్టాడు. దాని పేరు బీటా లైరే. అక్కడ ఆ ప్రవాహం ఇప్పటికీ సాగుతోంది. సూర్యుడికి మూడు రెట్లున్న నక్షత్రం, దాదాపు పదమూడు రెట్లున్న తోడు మీదికి తన పదార్థాన్ని పోస్తోంది. అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కాలం పదమూడు రోజులకు కాస్త తక్కువ. ఇచ్చిపుచ్చుకోవడం సాగుతున్నందువల్ల అది ఏటా 19 సెకన్ల చొప్పున పెరుగుతోంది. ఆల్గోల్‌లో ముగింపుకు వచ్చిన కథ బీటా లైరేలో నడిమధ్యన ఉంది. ఆ రెండు పుటలనూ మనకు తెరిచింది ఒక్క చెయ్యే.

నక్షత్రాలకు ప్రేమ లేదు, త్యాగం లేదు. ఆకర్షణ నియమం ప్రకారం అవి పోస్తాయి, పుచ్చుకుంటాయి. పిగట్ ఇచ్చింది అలాంటిది కాదు. ఇవ్వకుండా ఉండగలిగి కూడా ఇచ్చాడు. మనిషికీ నక్షత్రానికీ తేడా అక్కడే ఉంది.

1786 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ గుడ్రిక్‌ను సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ కబురు అతనికి చేరనే లేదంటారు. ఏప్రిల్ 20న కన్నుమూశాడు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు. నేడు యార్క్ విశ్వవిద్యాలయంలో ఒక కళాశాలకు అతని పేరుంది.

ప్రియ పాఠకులారా, ఒక మాట ఒప్పుకుని ముగిస్తాను. చాలా ఏళ్ళ క్రితం ఒక గ్రామంలో ఇళ్ళు దీవిస్తూ వెళ్తే, ఒక ఇంటి వెనుక వసారాలో పదేళ్ళ పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. చెవిటివాడనీ, వాడికి ఏమీ అర్థం కాదనీ, బడికి గాని సత్యోపదేశానికి గాని పంపడం లేదనీ తండ్రి చెప్పాడు. నేను తలూపి, వాడి తల మీద తీర్థం చల్లి, పక్క ఇంటికి నడిచాను. వాడు నా చేతి కదలికలను ఎంత దీక్షగా చూశాడో ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. గుడ్రిక్ కథ చదివినప్పుడల్లా ఆ బిడ్డ గుర్తొస్తాడు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి బిడ్డ ఉంటే, ఆ తల్లిదండ్రులతో మాట్లాడండి. వినికిడి లేని పిల్లలకు చదువు చెప్పే బడులు మన రాష్ట్రాల్లో ఉన్నాయి. దారి తెలియకపోతే మీ విచారణ గురువును అడగండి. ఆయన కూడా నాలాగే తలూపి వెళ్ళిపోబోతే, ఆపి మళ్ళీ అడగండి. ఈ క్రిస్మస్‌కు ఒక రాత్రి ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళి, కృత్తికల పక్కన ఆల్గోల్‌ను చూపించండి. దాన్ని చూడడానికి చెవులతో పని లేదు.