బిచ్చగాడనుకున్న వాస్తుశిల్పి

మన నిజాంసాగర్ కాలువ గట్ల మీద చెదపుట్టలు చూడనివాళ్లుండరు. అట్లాంటి పుట్టలే ఆకాశానికి లేచినట్టుంటాయి బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియా చర్చి గోపురాలు. వాటిని చూడ్డానికి దేశదేశాల జనం పోతారు.

వాటికి రూపమిచ్చిన ఆంటోనీ గౌడీ 1852లో ఒక కంచరి ఇంట పుట్టినాడు. చిన్ననాడే కీళ్లనొప్పులు పట్టుకున్నాయి. తోటిపిల్లలతో పరుగెత్తలేక చెట్లనూ పురుగుల్నీ చూస్తూ కూర్చునేవాడు. కాలేజీలో మార్కులు అంతంతమాత్రం! (మనలో కొందరికి ఊరట.)

ఆయన స్తంభాలు చెట్లలా కొమ్మలేస్తాయి. పగిలిన పింగాణీ పెంకుల్ని అతికించి గోడలకూ అరుగులకూ రంగులు తెచ్చాడు. కమాను ఎట్లా నిలుస్తుందో తెలుసుకోవడానికి దారాలకు చిన్న బరువుసంచులు వేలాడదీసి, ఆ వంపును తలకిందులుగా చూసుకునేవాడు. 1900లో ధనికుల ఇండ్ల కోసం మొదలుపెట్టిన గ్వెల్ పార్కులో 60 ప్లాట్లకు రెండే ఇండ్లు లేచాయి. ఆ నష్టపు బేరమే నేడు ఊరికి పెద్ద ఆకర్షణ.

1883లో చేపట్టిన చర్చి మటుకు మనిషిని పూర్తిగా మింగేసింది. పెళ్లి లేదు, బట్టల ధ్యాస లేదు. 1926 జూన్ 7న ట్రాము గుద్దింది. జేబులో కాగితమైనా లేదు. బిచ్చగాడనుకుని టాక్సీవాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి బీదల ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు గుర్తుపట్టారు, 10న పోయాడు. అంతిమయాత్రకు మాత్రం ఊరు ఊరంతా కదిలింది. సగంలో వదిలిన ఆ చర్చి కిందనే సమాధి చేశారు.